తోడు పెట్టిన సముద్రం

మా ముందు గదిలో గోడవారగా వంద లీటర్ల గాజు తొట్టి ఉంది. ఉప్పునీళ్లు నింపాక ముప్పై ఆరు రోజుల పాటు అందులో ఒక్క చేప కూడా లేదు. తెల్లటి ఇసుక, నాలుగు రాళ్లు, నీటిని తిప్పే చిన్న పంపు, అంతే. ఇంటికొచ్చినవాళ్లు వంగి చూసి, "చేపలేవండీ?" అని అడిగేవాళ్లు. పక్కింటి పాప రోజూ బడి నుంచి వస్తూ గుమ్మంలోంచే తొంగి చూసేది.

"ఇంకా రాలేదా తాతయ్యా?"

"రాలేదమ్మా. వాటికంటే ముందు రావలసినవాళ్లు వస్తున్నారు."

"ఎవరు?"

ఆ పాప అడిగినదానికి జవాబే ఈ అధ్యాయం.

నాకు ఆ జవాబు తెలియని రోజుల్లో ఒక తప్పు చేశాను. మొదటిసారి ఉప్పునీటి తొట్టి పెట్టినప్పుడు, నీళ్లు నింపిన మూడో రోజునే రెండు క్లౌన్ చేపలు తెచ్చి వదిలాను. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలతో, వేలెడంత కూడా లేని పిల్లలు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అంతకంటే ఏం కావాలనుకున్నాను. రెండు రోజులు చక్కగా తిరిగాయి, మేత తిన్నాయి. మూడో రోజు మధ్యాహ్నం రెండూ నీటి పైకి చేరి, నోరు తెరిచి, మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. మొప్పల అంచులు కందినట్టు ఎర్రగా ఉన్నాయి. ఐదో రోజు తెల్లవారేసరికి రెండూ అడుగున ఇసుక మీద పడి ఉన్నాయి. నీళ్లు అప్పటికీ తేటగానే ఉన్నాయి. వాటికి ఏ రోగమూ రాలేదు. తమ ఒంట్లోంచి వచ్చిన మురికిని తామే పీల్చి చనిపోయాయి. ఆ మురికిని తినేవాళ్లు తొట్టిలోకి రాకముందే నేను వాటిని తెచ్చాను.

తేట నీళ్లలో విషం

మనం తిన్న మాంసకృత్తుల్లో ఒంటికి పట్టగా మిగిలిన నత్రజనిని కాలేయం యూరియాగా మార్చి మూత్రంతో పంపేస్తుంది. పక్షులు, బల్లులు దాన్ని యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. గోడ మీది బల్లి రెట్టకు చివర కనిపించే తెల్లటి ముద్ద అదే. ఈ మార్పిడికి ఒంట్లోని శక్తి కొంత ఖర్చవుతుంది. చేపకు ఆ ఖర్చుతో పనిలేదు. చుట్టూ నీళ్లే కాబట్టి అమ్మోనియాను అమ్మోనియాగానే, చాలా వరకు మొప్పల గుండానే, వదిలేస్తుంది. అంటే ఊపిరి పీల్చే చోటే విసర్జన కూడా జరుగుతుంది.

సముద్రంలో ఈ ఏర్పాటుకు తిరుగులేదు. చేప వదిలింది వదిలినట్టే అలల్లో చెదిరిపోతుంది. పగడపు దిబ్బల చుట్టూ ఉండే నీళ్లలో అమ్మోనియా ఎంత తక్కువంటే, మన చేతిలో ఉండే పరీక్ష కిట్లకు అందనే అందదు. గాజు తొట్టిలో అలా చెదిరిపోవడానికి చోటు లేదు. తిన్న ప్రతి మేత గింజా, తినకుండా మిగిలి కుళ్లిన ప్రతి ముక్కా ఆ వంద లీటర్లలోనే అమ్మోనియాగా పోగుపడుతుంది.

నీటిలో అమ్మోనియా రెండు వేషాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమ్మోనియం అయాను, ఇది కణపు పొరల్ని సులువుగా దాటలేదు. రెండోది ఆవేశం లేని అసలు అమ్మోనియా. ఇది మొప్పల్ని ఇట్టే దాటి నెత్తురులోకి వెళుతుంది, నాడుల్ని దెబ్బతీస్తుంది. ఏ వేషం ఎంత పాళ్లో తేల్చేది ముఖ్యంగా నీటి పీహెచ్. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో విషపు రూపం వందలో ఒక పాలు కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. అక్కడ అది వందలో ఏడెనిమిది పాళ్లకు చేరుతుంది. అంటే గోల్డ్ ఫిష్ తొట్టిలో చేప తట్టుకునేంత అమ్మోనియా ఉప్పునీటి తొట్టిలో ప్రాణం తీయగలదు. మంచినీటి చేపలు పెంచిన అనుభవంతో ఉప్పునీటికి వచ్చేవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఈ ఒక్క తేడా దగ్గరే.

మన రొయ్యల రైతులకు ఈ లెక్క చెరువు గట్టు మీదే తెలుసు. ఎండలో నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును వాడేసుకుంటుంది, దాంతో సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. పొద్దున ఉన్నంత అమ్మోనియానే సాయంత్రం ఎక్కువ కీడు చేస్తుంది. అందుకే భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద బతికేవాళ్లు అమ్మోనియా ఎంతో అడిగిన నోటితోనే పీహెచ్ ఎంతో కూడా అడుగుతారు.

ఇసుక గొట్టంలో ఇరవై రోజులు

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక ప్రయోగం గురించి కెమికల్ సొసైటీకి చెప్పారు. పెద్ద గాజు పాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఉంచారు. ఆకులు కుళ్లి నీళ్లు పాడవుతుంటే చెరువు నత్తల్ని వేశారు. అవి కుళ్లిన ఆకుల్ని తినేశాయి, నీళ్లు నిలకడగా ఉన్నాయి. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క ఇచ్చిన ప్రాణవాయువును చేప పీలుస్తుంది, ఇద్దరి చెత్తనూ నత్త ఊడుస్తుంది. ఇంట్లో అక్వేరియం అనే ఆలోచనకు పునాది ఇక్కడే పడింది. ఆ తర్వాత వారింగ్టన్ సముద్రపు జీవులతోనూ ఇదే ప్రయత్నం చేశారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాక ఇంగ్లండులో ఆ సరదా ఇల్లిల్లూ తాకింది.

వారింగ్టన్ లెక్కలో ప్రాణవాయువు ఉంది, బొగ్గుపులుసు వాయువు ఉంది. నత్రజని మాత్రం లేదు. పాత్రలో మరో పనివాడు ఉన్నాడని ఆయనకు తెలియలేదు. తెలిసే వీలూ లేదు, ఆ పనివాడు కంటికి కనిపించడు.

ఆ పనివాడి జాడ 1877లో పారిస్‌లో దొరికింది. ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి కలిపి నింపి, పైనుంచి మురుగు నీటిని చుక్కచుక్కగా వదిలారు. అడుగున వచ్చే నీటిని రోజూ పరీక్షించారు. దాదాపు ఇరవై రోజుల పాటు పోసిన అమ్మోనియా పోసినట్టే దిగింది. ఆ తర్వాత అది తగ్గడం మొదలై, దాని స్థానంలో నైట్రేట్ వచ్చింది. ఇది మామూలు రసాయన చర్యే అయితే మొదటి రోజునే జరగాలి. ఇరవై రోజులు ఎందుకు ఆగింది? గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు. నైట్రేట్ రావడం ఆగిపోయింది. మట్టి కడిగిన నీళ్లు కాసిని పోశారు. కొన్నాళ్లకు మళ్లీ మొదలైంది. మత్తు ఇస్తే ఆగేదీ, తోడు వేస్తే మళ్లీ లేచేదీ ప్రాణమున్నదే అయి ఉండాలి.

నా తొట్టి అడుగున ఉన్నది కూడా సున్నపు ఇసుకే, అరగొనైట్ అంటారు. ఆ గొట్టంలో ఇరవై రోజులు జరిగిందే మా ముందు గదిలో జరిగింది. అక్వేరియం పెంచేవాళ్లు ఇప్పుడు 'సైకిలింగ్' అనే పనిని ఆ ఇద్దరూ అక్వేరియంతో సంబంధం లేకుండానే చేసి చూపించారు.

వాళ్ల ప్రయోగాన్ని అందిపుచ్చుకుని ముందుకు తీసుకెళ్లినవారిలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రం శాస్త్రవేత్త ఒకరు. ఆయన పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. గోల్డ్ ఫిష్ పాత్ర పెట్టిన వారింగ్టన్ కొడుకు. నాన్న ఆ పాత్ర గురించి సొసైటీకి చెప్పిన నాటికి పదకొండేళ్ల పిల్లాడు. ఈ పని రెండు మెట్లుగా జరుగుతుందని, మొదటి మెట్టులో అమ్మోనియా నైట్రైట్ అవుతుందని, రెండో మెట్టులో నైట్రైట్ నైట్రేట్ అవుతుందని, రెండింటినీ వేరువేరు జీవులు చేస్తాయని ఆయన నిలబెట్టారు. తండ్రి పాత్రలో కనిపించకుండా పనిచేసినవాళ్ల లెక్కను కొడుకు పొలం మట్టిలో తేల్చాడు. అయితే ఆ జీవుల్ని విడిగా పట్టుకోవడం ఆయనకూ సాధ్యం కాలేదు.

పట్టుకున్నది సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ, 1890లో, జ్యూరిచ్‌లో. అప్పటిదాకా సూక్ష్మజీవుల్ని పెంచడానికి జెలటిన్ వాడేవాళ్లు. జెలటిన్ పోషకాహారం. దాని మీద ఆబగా తినే వేరే జీవులు పెరిగి, అసలు వెతికేవాటిని కప్పేసేవి. వినోగ్రాడ్‌స్కీ తిండి పెట్టడం మానేశారు. సిలికా జెల్ మీద కొన్ని లవణాలు, అమ్మోనియా మాత్రమే ఇచ్చారు. ఆ కటిక పస్తులో కూడా కొన్ని జీవులు పెరిగాయి. అవి అమ్మోనియాను మండించి ఆ శక్తితో బతుకుతూ, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో ఒళ్లు కట్టుకుంటున్నాయి. ఎండ లేకుండా, ఎవరినీ తినకుండా బతికే తీరు అది.

నవాసారం, సూరేకారం

ఈ కథలోని రెండు కొసలకూ తెలుగులో పాత పేర్లున్నాయి. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు ఎర్రగా కాలిన గిన్నెలో చిటికెడు తెల్లపొడి చల్లేవాళ్లు. గుప్పున తెల్లటి పొగ లేచేది, ముక్కు అదిరేది. ఆ పొడి నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్. పాత మట్టిగోడల అడుగున, పశువుల కొట్టాల మట్టిలో పేరుకునే ఉప్పును నీళ్లలో నానబెట్టి, వడకట్టి, కాచి తీసేది సూరేకారం, అంటే పొటాషియం నైట్రేట్. తుపాకి మందుకు, టపాకాయలకు అదే ముడి సరుకు. పశువు మూత్రంలోంచి పుట్టిన అమ్మోనియా ఆ మట్టిలో ఏళ్ల తరబడి సూరేకారంగా మారింది. మార్చింది వినోగ్రాడ్‌స్కీ పట్టుకున్న కోవలోని జీవులే. కొట్టంలో జరిగిన పని తొట్టిలో జరిగేలా చూడడమే మనం చేయవలసింది.

ముందు నీళ్లు. విశాఖలో ఉంటూ సముద్రపు నీళ్లు ఎందుకు తెచ్చుకోకూడదని చాలామంది అడిగారు. తీరం దగ్గరి నీళ్లలో ఊరి మురుగు, ఓడల నూనె కలుస్తాయి. పైగా బంగాళాఖాతంలో ఉప్పదనం ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. వానాకాలపు నదుల నీళ్లు కలిసి తీరం వెంబడి బాగా పలచబడుతుంది. అందుకే ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపాను. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో ఉన్నది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్, బైకార్బొనేట్ కూడా ఉన్నాయి. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి, వంద లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోల ఉప్పు పట్టింది. కొళాయి నీళ్లు నేరుగా పోస్తే అందులోని క్లోరిన్ మనం పెంచాలనుకున్న జీవుల్నే చంపుతుంది.

తర్వాత రాళ్లు. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రంలోంచి తెచ్చిన రాళ్లను, వాటి మీద బతికే జీవులతో సహా తొట్టిలో పెట్టే పద్ధతిని ఒక పత్రికలో వివరించారు. 'లైవ్ రాక్' అనే మాట వెనక ఉన్నది ఆ అనుభవమే. బోలుబోలుగా సందులున్న రాయి మీద గోరంత మేర కూడా సూక్ష్మజీవులకు పెద్ద ఊరంత చోటు. మన దేశంలో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. తీరంలోంచి పగడపు రాయి తెచ్చుకోవడం నేరం. చట్టాన్ని పక్కన పెట్టినా, ఇంట్లో చిన్న సముద్రం కోసం బయటి సముద్రాన్ని గీకడం తప్పు. నేను కృత్రిమంగా పోతపోసిన పొడి రాళ్లే కొన్నాను. అవి ఏ ప్రాణమూ లేని రాళ్లు.

కాబట్టి తోడు కావాలి. చాలాకాలంగా రోగం రొచ్చు లేకుండా నడుస్తున్న మిత్రుడి తొట్టిలోంచి గుప్పెడు సిరామిక్ రింగులు తెచ్చి ఫిల్టర్‌లో వేశాను. గోధుమరంగు జిగురు పట్టి, చూడడానికి మురికిగా ఉన్న రింగులు. ఆ జిగురులోనే ఉంది అసలు సంగతి. తోడు లేకపోయినా ఈ జీవులు గాలిలో, దుమ్ములో, నీళ్లలో వచ్చి చేరతాయి. కాకపోతే ఆలస్యమవుతుంది. పాలు కూడా వదిలేస్తే ఎప్పటికో పులుస్తాయి, తోడు వేస్తే కమ్మటి పెరుగవుతుంది.

ఇక మేత. లేని చేపల బదులు నవాసారం. కళాయి దుకాణంలో దొరికే పొడిలో లోహాల మలినాలు ఉండవచ్చు కాబట్టి ప్రయోగశాలల్లో వాడే శుద్ధమైనది తెచ్చాను. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా రావాలంటే వంద లీటర్లకు 0.6 గ్రాముల పొడి చాలు, రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు. ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందని ఆశపడకూడదు. అమ్మోనియా మితిమీరితే రెండో మెట్టు జీవులు అదిమేసినట్టు ఆగిపోతాయి.

పొడి దొరకనివాళ్లు ఒక పచ్చి రొయ్యను గుడ్డలో కట్టి వేసి కుళ్లనిస్తారు. వాసన వస్తుంది, లెక్క తెలియదు, అయినా పనవుతుంది. పట్టకూడని దారి ఒకటే. ఒకప్పుడు గట్టి ప్రాణమని డ్యామ్సెల్ చేపల్ని ఇందుకోసం వదిలేవాళ్లు. బతికితే సరి, చస్తే సరి. మొప్పలు కాలే నీటిలో వారాల తరబడి ఊపిరి పీల్పించడానికి చేప గట్టిదనం సమాధానం కాదు. చిటికెడు పొడి ఆ పని చేయగలిగినప్పుడు ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనకు లేదు.

రంగుల పుస్తకం

పరీక్ష చేసే తీరు ఇదీ. చిన్న గాజు గొట్టంలో గీత దాకా తొట్టి నీళ్లు తీసి, ఒక్కో సీసాలోంచి చెప్పినన్ని చుక్కలు వేసి, మూత పెట్టి ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. అమ్మోనియా లేకపోతే నిమ్మపండు పసుపు. ఉన్నకొద్దీ లేత ఆకుపచ్చ, ముదురాకుపచ్చ. కార్డు మీది రంగు పక్కన గొట్టం పెట్టి పగటి వెలుతురులో చూడాలి, ట్యూబ్‌లైట్ కింద పసుపు కూడా పచ్చగానే కనిపిస్తుంది.

మొదటి తొమ్మిది రోజులూ నేను రంగులు రాసుకునే పుస్తకంలో ఒకే మాట: పచ్చ. పదో రోజు నైట్రైట్ గొట్టంలో ఎప్పుడూ వచ్చే లేత నీలం మీద పలచటి ఊదా జీర కనిపించింది. గొట్టం తెల్లకాగితం మీద పెట్టి మళ్లీ చూశాను. అనుమానం లేదు. మొదటి మెట్టు జీవులు పనిలోకి దిగాయి. పద్నాలుగో రోజుకు అమ్మోనియా సగమైంది, పదహారో రోజుకు దాదాపు పసుపు. నైట్రైట్ మాత్రం కార్డులో అన్నిటికంటే ముదురు ఊదా దాటిపోయింది. రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా మారితే అయిదుకు పైగా మిల్లీగ్రాముల నైట్రైట్ వస్తుంది. ప్రాణవాయువు వచ్చి చేరుతుంది కదా, బరువు పెరుగుతుంది.

ఆ పలచటి ఊదా రంగు వెనక కూడా పందొమ్మిదో శతాబ్దపు రసాయనమే ఉంది. నైట్రైట్‌ను రంగుగా మార్చి పట్టించే పద్ధతిని పీటర్ గ్రీస్ 1879లో ఇచ్చారు. ఇంకో చిక్కు: నైట్రేట్ పరీక్ష కూడా ముందు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌కే రంగు తెప్పిస్తుంది. కాబట్టి నీళ్లలో నైట్రైట్ ఉన్నంత కాలం నైట్రేట్ అంకె నమ్మదగినది కాదు. పని పూర్తయిందని తొందరపడేవాళ్లు ఇక్కడ తప్పటడుగు వేస్తారు.

పదహారో రోజు నుంచి ఇరవై ఏడో రోజు దాకా ఊదా కదలలేదు. ఓపికకు అసలు పరీక్ష ఆ పదకొండు రోజులే. పొరపాటు చేశానేమో, ఓ సీసా బాక్టీరియా కొని పోయాలేమో అనిపిస్తుంది. ఏమీ చేయకూడదు. రెండో మెట్టు జీవులకు తిండి మొదటి మెట్టువాళ్లు వండి పెట్టాలి. వాళ్లు వండిన తర్వాతే వీళ్లు పెరగడం మొదలవుతుంది.

ఇంత ఆలస్యం ఎందుకని పెరుగునే అడగవచ్చు. రాత్రి వేసిన తోడు పొద్దున్నకు గిన్నెడు పాలను బిగిస్తుంది. పాలలో చక్కెర ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, పెరుగు సూక్ష్మజీవికి అది విందు భోజనం. అనుకూలమైన తిండి దొరికితే మన పేగుల్లోని ఈ. కోలై లాంటి సూక్ష్మజీవి ఇరవై నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. అమ్మోనియాను మండించి దక్కే శక్తి అత్యల్పం. అందులో పెద్ద వాటా బొగ్గుపులుసు వాయువును ఒంటికి పట్టించుకోవడానికే సరిపోతుంది. మిగిలిన దాంతో ఒకటి రెండు కావాలంటే మంచి పరిస్థితుల్లోనూ గంటలు గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. కటిక పస్తులో సంసారం చేసేవాళ్లను తొందరపెట్టి లాభం లేదు.

వాళ్లకు కావలసింది ప్రాణవాయువు. ఈ లెక్క నన్ను ఆశ్చర్యపరిచింది. 26 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీరు పట్టుకోగలిగిన ప్రాణవాయువు 7 మిల్లీగ్రాముల లోపే. ఆ లీటరులోని 2 మిల్లీగ్రాముల అమ్మోనియా పూర్తిగా నైట్రేట్ కావడానికి సుమారు ఏడున్నర కావాలి. అంటే నీటిలో ఉన్నదంతా ఇచ్చినా చాలదు. నీటి పైపొర కదులుతూ, గాలి నుంచి ఎప్పటికప్పుడు తీసుకుంటూ ఉండాలి. అందుకే పంపు రాత్రింబవళ్లు తిరగనిచ్చాను. లైటు మాత్రం ఆర్పేశాను. ఈ జీవులకు గట్టి వెలుతురు పడదు, నాచుకేమో అదే పండగ.

ఇరవై ఎనిమిదో రోజు ఊదా కాస్త వెలిసింది. ముప్పయ్యో రోజుకు సగం. ముప్పై రెండో రోజు సాయంత్రం గొట్టం ఊపి బల్ల మీద పెట్టాను. ఐదు నిమిషాలు గడిచాయి. నీలం, ఆకాశం నీలం.

సియాటిల్ గులకరాళ్లు

నా తొట్టిలో పనిచేస్తున్నది ఎవరు? వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు రెండు పేర్లు చెప్పేవి: మొదటి మెట్టుకు నైట్రోసోమోనాస్, రెండో మెట్టుకు నైట్రోబాక్టర్. 1990లలో టిమొతీ హోవనెక్, ఆయన తోటి పరిశోధకులు అక్వేరియం ఫిల్టర్లలోని డీఎన్ఏను పరిశీలిస్తే రెండో మెట్టులో నైట్రోబాక్టర్ కనిపించలేదు. అక్కడ పనిచేస్తున్నది నైట్రోస్పైరా బంధువులని తేలింది.

2005లో ఇంకా పెద్ద సంగతి బయటపడింది. అమెరికాలో సియాటిల్ అక్వేరియంలోని ఉష్ణమండల సముద్ర తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ల నుంచి మార్టిన్ కోనెకె, డేవిడ్ స్టాల్ తదితరులు ఒక జీవిని వేరు చేశారు. అది బాక్టీరియా కానే కాదు. ఆర్కియా అనే వేరే వంశానికి చెందినది. మిల్లీమీటరులో వెయ్యో వంతు పొడవు కూడా లేని సన్నటి కడ్డీ. నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. ఆర్కియాల్లో అమ్మోనియా తిని బతికేది ఉందని అంతకు ముందు ఎవరూ పెంచి చూపలేదు. దాని బంధువులు మహాసముద్రాల్లో అంతులేనన్ని ఉన్నాయని ఆ తర్వాత అర్థమైంది. సముద్రపు నత్రజని లెక్కను తిరగరాసిన జీవి దొరికింది నడిసముద్రంలో కాదు, సందర్శకులు వచ్చి చూసే తొట్టి అడుగు గులకరాళ్లలో. 2015లో మరో ముడి వీడింది. రెండు మెట్లనూ ఒక్కటే ఎక్కగల నైట్రోస్పైరాలు ఉన్నాయని రెండు బృందాలు చూపించాయి. వాటిలో ఒక బృందానికి అవి చేపల పెంపకపు నీటి వడపోత యంత్రంలో కనిపించాయి. వారింగ్టన్ల కాలం నుంచి వస్తున్న 'రెండు పనులకు ఇద్దరు' అనే సూత్రానికి మినహాయింపు అలా దొరికింది.

పొద్దున్నే పసుపు

నీలం కనిపించిన రోజునే చేపల కోసం పరుగెత్తలేదు. ముందు పరీక్ష పెట్టాలి. మళ్లీ 2 మిల్లీగ్రాముల లెక్కన నవాసారం వేసి సరిగ్గా ఇరవై నాలుగు గంటలు ఆగాను. అమ్మోనియా పసుపు, నైట్రైట్ నీలం. ఒక్క రోజులో అంతా తినేశాయి. మర్నాడూ అదే చేశాను, అదే ఫలితం. నైట్రేట్ మాత్రం లీటరుకు ఇరవై మిల్లీగ్రాములు దాటింది. పోసిన అమ్మోనియా అంతా చివరికి చేరేది అక్కడికే. రాళ్ల లోపలి సందుల్లో, ప్రాణవాయువు అందని చోట, నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలే జీవులు నెమ్మదిగా స్థిరపడతాయి. అవి కుదిరేదాకా, కుదిరాక కూడా కొంత, నీళ్లు మార్చడమే దారి. మూడు వంతుల్లో రెండు వంతుల నీళ్లు తీసి కొత్త ఉప్పునీళ్లు పోశాను.

నైట్రైట్ గురించి రొయ్యల రైతుకూ ఉప్పునీటి చేపల వాళ్లకూ ఒక తేడా ఉంది. సముద్రపు నీటిలో క్లోరైడ్ దండిగా ఉండి, మొప్పల దగ్గర నైట్రైట్‌కు దారి ఇవ్వదు. ఉప్పు తక్కువ నీటితో నడిచే చెరువుల్లో ఆ అడ్డు పలచన, అందుకే అక్కడ నైట్రైట్ ఎక్కువ భయపెడుతుంది. అంతమాత్రాన సముద్ర తొట్టిలో నైట్రైట్ ఉండగా చేపను వదలవచ్చని కాదు. నైట్రైట్ ఉందంటే పని సగంలో ఉందని అర్థం.

ముప్పై ఆరో రోజు సాయంత్రం క్లౌన్ చేపలు రెండింటిని తెచ్చాను. సముద్రంలోంచి పట్టినవి కాకుండా హాచరీలో పుట్టిన పిల్లలు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని పొదిగించి పెంచే పద్ధతిని ఎప్పుడో స్థిరపరిచింది, అడిగితే దొరుకుతాయి. సంచిని తొట్టిలో తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా సంచిలో కలుపుతూ అలవాటు చేసి వదిలాను. రెండింటితోనే ఆగాను. సూక్ష్మజీవుల సంఖ్య వాటికి అందే తిండిని బట్టి ఉంటుంది. ఒకేసారి ఆరు చేపలు వేస్తే కుదిరిన కాపురం మళ్లీ కొన్నాళ్లు తలకిందులవుతుంది.

ఈ కాపురాన్ని కాపాడుకోవడం కూడా ఒక పనే. ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద కడగకూడదు, తీసిన తొట్టి నీళ్లలోనే పిండాలి. కరెంటు పోతే చేపల కంటే ముందు ఫిల్టర్ లోపలివాళ్లకు ఊపిరి ఆగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. ఒక మిత్రుడు తొట్టి పక్కనే కూర్చుని, గిన్నెతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ రెండు రాత్రులు గడిపాడు. చేపల్లో సగం దక్కాయి. అప్పటి నుంచి మా ఇళ్లలో బ్యాటరీతో నడిచే గాలి పంపు లేకుండా తొట్టి ఉండదు.

చేపలు వచ్చిన మర్నాడు పొద్దున పక్కింటి పాప బడికి వెళ్లే ముందే వచ్చింది. రెండు చేపలూ రాయి వారగా, పంపు తిప్పే నీటికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. మొప్పలు నిదానంగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. పాప వాటినే చూస్తోంది. నేను గొట్టంలో నీళ్లు తీసి, చుక్కలు వేసి, పాప చేతికిచ్చి ఊపమన్నాను. ఐదు నిమిషాలు ఆగాలంటే అటూ ఇటూ కదలకుండా ఆగింది.

"ఏం రంగు?"

"పసుపు తాతయ్యా."

"రాత్రంతా ఈ రెండూ అమ్మోనియా వదులుతూనే ఉన్నాయి. మరి పచ్చగా లేదేం?"

పాప చేపల్ని వదిలి, మొదటిసారి రాళ్ల వైపు, ఇసుక వైపు చూసింది. అక్కడ కంటికి కనిపించేది ఏమీ లేదు. "ముందొచ్చినవాళ్లు తినేశారా?" అంది.